మిస్‌ఫైర్ అయితే మనిషి బతుకుతాడు

నేను డెస్కులో రాత్రి షిఫ్టు చేస్తున్న రోజుల మాట. జిల్లా నుంచి ఓ వార్త వచ్చింది. గార్డు డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ తుపాకీ తుడుచుకుంటుండగా అది పేలి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఎడిషన్ టైమ్ ముంచుకొస్తోంది. 'గన్ మిస్‌ఫైర్: కానిస్టేబుల్ మృతి' అని హెడ్డింగ్ పెట్టి పేజీ వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది. అవతల ఎవరో పెద్దాయన.

"ఆ హెడ్డింగ్ పెట్టింది మీరేనా బాబూ?"

"అవునండీ."

"తుపాకీ మిస్‌ఫైర్ అయితే మనిషెలా పోతాడయ్యా? మిస్‌ఫైర్ అంటే పేలకపోవడం కదా!"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ పట్టుకునే డిక్షనరీ తిరగేశాను. ఆయన చెప్పిందే ఉంది అందులో. పోలీసు ఆయుధాగారాన్ని 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటారు. ఆయన అక్కడ ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. తిట్టలేదు. "ఆదివారం మా రైఫిల్ క్లబ్బుకు రండి, పేర్లు చెబుతాను" అన్నారు. అప్పటికి పదేళ్లుగా తుపాకుల గురించి రాస్తున్నాను, ఒక్కదాన్నీ ముట్టుకున్న పాపాన పోలేదు. తుపాకి రాముడనే మాట నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

ఆదివారం బల్ల మీద రెండు పెట్టారు. రెండూ క్లబ్బు సభ్యుల లైసెన్సువే. నేను చెయ్యి చాచబోతే ఆపేశారు. "ముందు పేర్లు. చెయ్యి తర్వాత."

మొదటిది కాన్పూరులో తయారైన .32 రివాల్వర్. గొట్టానికీ పిడికీ మధ్య లావుపాటి సిలిండర్, అందులో ఆరు గదులు. ఒక్కో గదిని ఛాంబర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా సిలిండర్ ఒక గది చొప్పున తిరిగి, కొత్త తూటాను గొట్టం ఎదుటికి తెస్తుంది. వెనక హ్యామర్ లేచి పడుతుంది. రివాల్వర్ అన్న పేరు ఆ తిరగడంతోనే వచ్చింది. ఆయన గొళ్లెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచారు. నడుం విరిచినట్టు తెరుచుకుంది. లోపల్నుంచి నక్షత్రంలాంటి చిన్న రేకు పైకి లేచింది. పేల్చిన తర్వాత మిగిలే ఆరు ఖాళీ షెల్స్‌నూ ఒకేసారి ఎత్తి బయట పడేసేది అదే.

"అంటే ఇలా తెరిచేదాకా ఖాళీలు లోపలే ఉంటాయన్నమాట" అన్నాను.

"మరి మీ పేపర్లో?" అని నవ్వారు.

నాకు చెమట పట్టింది. 'రివాల్వర్‌తో నాలుగు రౌండ్ల కాల్పులు. ఘటనా స్థలంలో నాలుగు ఖాళీ షెల్స్ స్వాధీనం' అని ఎన్నిసార్లు దిద్ది పంపానో! హంతకుడు పారిపోవడం మానేసి, తీరిగ్గా రివాల్వర్ తెరిచి, ఖాళీలు దులిపి పోలీసుల కోసం వదిలి వెళ్లాడా? జరగకూడదని లేదు. కానీ నేల మీద షెల్స్ దొరికాయంటే ముందు అనుమానించాల్సింది రెండో దాన్ని, పిస్టల్‌ని.

పిస్టల్‌లో సిలిండర్ ఉండదు. తూటాలు మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, మ్యాగజైన్ మామూలుగా పిడిలోకి దూరుతుంది. ఛాంబర్ ఒక్కటే, గొట్టం మొదట్లో. పేలగానే ఆ ఊపుకు పైనున్న స్లయిడ్ వెనక్కి జరిగి ఖాళీ షెల్‌ను పక్కకు విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోస్తే, వస్తూ వస్తూ మ్యాగజైన్ నుంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి నెట్టుకొస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

తూటా అన్న మాట మీద కూడా నాకో పాఠం పడింది. తూటా అంటే మొత్తం: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఎగిరి వెళ్లేది గుండు ఒక్కటే. "తూటా మొత్తం ఒంట్లోకి పోదు బాబూ, పోతే మాకు నేల మీద ఏం దొరుకుతుంది?" అన్నారాయన. తెలంగాణ సాయుధ పోరాటం కథల్లో వినిపించే బర్మార్ తుపాకుల్లో మందు వేరు, గుండు వేరు. రెండూ మూతి నుంచే కూరాలి. రెంటినీ ఒక్క పొట్లంగా కట్టాకే తూటా. మన భాషలో రెండు మాటలూ ఉన్నాయి. వాటిని కలిపేసింది మా డెస్కులే.

తుపాకీ వెనక భాగానికి 'మడమ' అనే మాట పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ ఆయనకు దణ్ణం పెట్టాలి. 'తుపాకి మడమతో కొట్టారు' అంటే నొప్పి కూడా తెలుస్తుంది. కానీ పిస్టల్‌కు మడమ లేదు, కత్తికి లాగే పిడి ఉంది. ట్రిగ్గర్‌ను మేం మీట అని రాస్తాం. హిందీ వాళ్లకు అది ఘోడా, గుర్రం. తుపాకి అన్న మాటే తురకదేశం నుంచి నడిచొచ్చింది కాబట్టి, దానికి ట్రిగ్గరూ మ్యాగజైనూ తగిలిస్తే మైల పడదు. ఏది దేని పేరో తెలిస్తే చాలు. సంఖ్యలూ అంతే. .32 అంటే గొట్టం లోపలి కొలత అంగుళాల్లో, 9 ఎంఎం అంటే మిల్లీమీటర్లలో. 9 ఎంఎం మన దేశంలో నిషేధిత బోర్, మామూలు పౌరుడికి మామూలుగా లైసెన్సు రాదు. అందుకే రియల్టర్ దగ్గర 'లైసెన్స్‌డ్ 9 ఎంఎం' దొరికిందని కాపీ వస్తే, దిద్దేముందు విలేకరికి ఒక ఫోన్ కొట్టాలి.

ఆ తర్వాత ఆయన జేబులోంచి ఐదు డమ్మీ తూటాలు తీశారు. మందు లేని ఉత్తుత్తివి. మ్యాగజైన్‌లో నింపి పిడిలోకి తోశారు. స్లయిడ్ లాగి వదిలారు. ఠక్కుమంది. మళ్లీ మ్యాగజైన్ ఊడదీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇప్పుడు పిస్టల్లో ఎన్ని?"

"ఏమీ లేవు. మ్యాగజైన్ నా దగ్గరుందిగా."

పిస్టల్ మూతిని రేంజి గోడ వైపే ఉంచి, స్లయిడ్ వెనక్కి లాగారు. లోపల్నుంచి ఒక డమ్మీ ఎగిరి బల్ల మీద పడింది. దొర్లుకుంటూ అంచు దాకా వెళ్లి ఆగింది.

"మీ వార్త ఇదే" అన్నారు.

మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయింది అనుకుంటాడు మనిషి. ఛాంబర్‌లో ఒకటి మిగిలే ఉంటుంది. మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌కైనా అదే లెక్క. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లయిడ్ లాగాలి, తర్వాత కంటితో ఛాంబర్ చూడాలి, చీకటైతే చిటికెన వేలు పెట్టి తడమాలి. వరస తప్పితే ఇంకా ప్రమాదం. ముందు స్లయిడ్ లాగితే ఒకటి బయట పడుతుంది, వదలగానే మ్యాగజైన్ ఇంకోటి లోపలికి పంపుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, 'తీసేశాను' అని నమ్మి తుడవడం మొదలెడతాడు.

అసలు మిస్‌ఫైర్ ఎలా ఉంటుందో కూడా చెప్పారు. ట్రిగ్గర్ నొక్కుతారు, ఫైరింగ్ పిన్ వచ్చి తూటాకు కొడుతుంది, 'టిక్' అంటుంది, అంతే. అప్పుడు కంగారుపడి తెరవకూడదు. కొన్ని తూటాలు క్షణం ఆలస్యంగా పేలతాయి. మూతి లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో ఇలా జరిగితే, షూటర్ ఖాళీ చేతిని పైకెత్తి అధికారిని పిలవాలి. అక్కడ మిస్‌ఫైర్ అంటే ఆగిపోయిన ఆట. మన పేపర్లలో మాత్రం శవం.

చివర్లో నా చేతికి ఎయిర్ పిస్టల్ ఇచ్చారు. 10 మీటర్ల దూరంలో టార్గెట్, మధ్యలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పిడి పట్టుకోగానే నా చూపుడు వేలు దానంతటదే ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. ఆయన పెన్నుతో నా వేలి మీద ఒక్కటేశారు. గురి చూసి కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయట, ఫ్రేము పక్కన చాపి ఉండాలట. ఇంటికి వచ్చేటప్పుడు చూశాను, సినిమా పోస్టర్లలో హీరోల వేళ్లన్నీ ట్రిగ్గర్ మీదే ఉన్నాయి. నా పెల్లెట్ ఎక్కడ తగిలిందో అడక్కండి.

'మిస్‌ఫైర్' అన్న మాటతో నా గొడవ వ్యాకరణం గొడవ కాదు. 'గన్ మిస్‌ఫైర్' అనగానే తప్పు ఇనుముది అయిపోతుంది. చచ్చినవాడికి నోరు లేదు, తుపాకీకీ లేదు. 'తుపాకీ పేలింది' అని రాస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఛాంబర్‌లో తూటా ఎందుకుంది? డ్యూటీ మారేటప్పుడు ఎవరు చూశారు? వేలు ఎక్కడుంది? ఆ మనిషి ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా ఉన్నాడు? ప్రమాదమో మరొకటో తేలకముందే ఆ ఇంగ్లీషు ముక్క వచ్చి ఫైలు మూసేస్తోంది. ఇంగ్లీషు పేపర్లూ ఇదే రాస్తున్నాయి కదా అంటే, రాస్తున్నాయి. వాళ్లదీ తప్పే.

డెస్కు మిత్రులకు ఒక మనవి. ఈసారి అలాంటి కాపీ వచ్చినప్పుడు 'తుపాకీ పేలి కానిస్టేబుల్ మృతి' అని పెట్టండి. ఒక అక్షరం కలిసొస్తుంది కూడా, సింగిల్ కాలమ్‌లో హాయిగా పడుతుంది.