గుంతకల్లు గేటు, మద్రాసు జ్యూరీ

మా మామ రైల్వేలో ట్రాక్ పని చేసి రిటైరైనాడు. ఆయనతో కర్నూలు నుంచి గుంతకల్లుకు ప్యాసింజర్లో పోయినామంటే దారి పొడుగునా కథలే. డోన్‌లో ఒకటి, పెండేకల్లులో ఒకటి. మద్దికెర దాటినాక మాత్రం ప్రతిసారీ హంపన్న కథే.

"గుంతకల్లులో ఒకప్పుడు గేట్‌మన్ ఒకాయన ఉండె పాపా. తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడోళ్ల ఎంటబడితే వాళ్లను గేటు గదిలో పెట్టి తాను అడ్డం నిలబడె. కాల్చి సంపినారు."

"మరి ఆ సోల్జర్లు ఏమైనారు మామా?"

"ఏమయితారు? ఇంటికి పోయినారు."

నాకు పన్నెండేళ్లప్పుడు విన్న జవాబు ఇది. 'ఇంటికి పోయినారు' అనే మాట ఏళ్ల తరబడి మెదడులో ఒక మూల పడి ఉండింది. ఈ మధ్య ఎలిజబెత్ కోల్‌స్కీ రాసిన 'కలోనియల్ జస్టిస్ ఇన్ బ్రిటిష్ ఇండియా' చదువుతుంటే మళ్లీ లేచి కూర్చుంది. 2010లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన పుస్తకం. కొత్తదేమీ కాదు. కానీ తెలుగులో ఈ పుస్తకం గురించి మాట్లాడటం నేను పెద్దగా వినలేదు, అందుకే ఈ వ్యాసం. ముందే చెప్తున్నా, ఇది తీరిగ్గా కూర్చుని రాసిన రివ్యూ కాదు. ఈ పుస్తకాన్ని నేను గుంతకల్లు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని చదివినట్టే చదివాను.

హంపన్న సంగతి ముందు చెప్పాలి. 1893 అక్టోబర్ 4. గుంతకల్లు అప్పటికే పెద్ద జంక్షన్. దగ్గర్లోనే బళ్లారి దండు. సైనికుల రాకపోకలు మామూలే. ఆ రోజు ఇద్దరు ఆడవాళ్ల వెంట బ్రిటిష్ సోల్జర్లు పడ్డారు. వాళ్లు పరుగెత్తి రైల్వే గేటు దగ్గర తలదాచుకున్నారు. గేటు కాసే హంపన్న అడ్డం తిరిగాడు. ఒక సోల్జర్ తుపాకీ పేల్చాడు. ఆ గాయంతోనే హంపన్న చనిపోయాడు. గుత్తి వకీలు కేశవపిళ్లై ఈ సంగతిని 'హిందూ' పత్రికకు ఎక్కించి, వదలకుండా వెంటపడ్డాడు. కాంగ్రెస్ తొలి రోజుల నుంచీ ఉన్న మనిషి ఆయన. కేసు మద్రాసు హైకోర్టుకు పోయింది, జ్యూరీ ముందుకు వచ్చింది. నిందితుడైన కార్పొరల్ నిర్దోషి అని తేలింది. తర్వాత జనం చందాలు వేసుకుని హంపన్న పేరు మీద ఒక రాయి నిలిపారు.

మా మామ చెప్పిన 'ఇంటికి పోయినారు' అనే దానికి కోర్టు భాషలో అర్థం ఇదన్నమాట.

కోల్‌స్కీ పుస్తకం ఈ 'ఇంటికి పోవడం' ఎట్లా జరిగేదో చెప్తుంది. మనం స్కూల్లో చదువుకున్న వలస పాలన హింస అంటే జలియన్‌వాలా బాగ్, 1857 తర్వాత ఉరికంబాలు, ఉప్పు సత్యాగ్రహంలో లాఠీలు. ప్రభుత్వం ఆజ్ఞ ఇస్తే జరిగినవి. ఈవిడ వాటిని దాదాపు పక్కన పెట్టేసింది. తోటల యజమానులు, ఓడ కళాసీలు, పని లేక తిరిగే తెల్ల బికార్లు, సెలవు రోజు తాగి ఊరి మీద పడే సోల్జర్లు – ఎవరూ ఆజ్ఞ ఇవ్వకపోయినా వీళ్లు చేసిన హత్యలూ దెబ్బలూ ఆమె వస్తువు. అవి అక్కడక్కడా జరిగిన దారితప్పిన పనులు కావనీ, రోజూ జరిగేవేననీ, సామ్రాజ్యం నడవటానికి అవీ ఒక ఇరుసేననీ ఆమె వాదన. చట్టం వాటిని ఆపలేకపోయిందని ఊరుకోదు. ఎవడు ఎక్కడ విచారణకు నిలబడాలో, ఎవడి ముందు నిలబడాలో రాసిన నిబంధనల్లోనే వాళ్లకు దారి ఉందని చూపిస్తుంది.

పుస్తకంలో నన్ను ఎక్కువ పట్టుకున్న భాగం రెండో అధ్యాయం, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చరిత్ర. పేరు వింటేనే నిద్రొచ్చే విషయం, నిజమే. కానీ హంపన్న కేసు ఎందుకు అట్లా ముగిసిందో తెలియాలంటే తుపాకీ సంగతి కంటే ఇది ముఖ్యం. హత్య చేస్తే ఏ శిక్షో చెప్పే పీనల్ కోడ్ అందరికీ ఒకటే. తేడా అంతా ప్రొసీజర్‌లో ఉంది. 'యూరోపియన్ బ్రిటిష్ సబ్జెక్ట్' అనే ఒక జాతి కోడ్‌లో ఉంది. ఆ జాతివాడి మీద పెద్ద నేరం మోపితే జిల్లాలోని మామూలు కోర్టులో కుదరదు, ప్రెసిడెన్సీ నగరంలో హైకోర్టుకు పోవాలి. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది – భారతీయ మేజిస్ట్రేటు కూడా తెల్లవాడిని విచారించొచ్చు అని. కలకత్తాలో తెల్లవాళ్లు సభలు పెట్టి, అరిచి, వైస్రాయిని కూడా అవమానించి గోల చేశారు. 1884లో రాజీ కుదిరింది. రాజీ ఏందంటే, తెల్ల నిందితుడు అడిగితే జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. అమెరికన్లు ఎందుకో ఆలోచించండి. బ్రిటిష్ రాణికీ వాళ్లకూ ఏ సంబంధమూ లేదు. చట్టం మనసులో ఉన్నది పౌరసత్వం కాదనడానికి ఆ ఒక్క మాట చాలు.

ఈ రాజీ అయిన తొమ్మిదేళ్లకు గుంతకల్లులో తుపాకీ పేలింది.

దూరం కూడా చట్టంలో భాగమే అని ఈ అధ్యాయం చదివాకే నాకు తట్టింది. గుంతకల్లు నుంచి మద్రాసుకు రైల్లో నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట, ఆ తర్వాత తమిళ నేల. సాక్షి అంటే కూలి పని మానుకుని, ఆ రైలెక్కి, భాష తెలియని ఊళ్లో దిగి, ఇంగ్లీషులో నడిచే కోర్టులో దుబాసీ నోటి ద్వారా మాట్లాడాల్సిన మనిషి. రైల్వే గేటు దగ్గర జరిగిన నేరానికి, అదే రైల్వే మీద సాక్షులు మద్రాసు దాకా పోవాలి. కర్నూలులో హైకోర్టు కావాలని మా వాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నది ఊరికే పంతం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. (సరే, అది వేరే గొడవ.)

మూడో అధ్యాయం ప్లీహం గురించి. మా మామకు ఇంగ్లీషు రాదు, అందుకని దీన్ని ఆయనకు తెలుగులో చెప్పాను. మన పల్లెల్లో ప్లీహం అనరు, కడుపులో బల్ల అంటారు. మలేరియా తిరిగి తిరిగి వచ్చినవాళ్లకు బల్ల పెరుగుతుంది, గట్టిగా తగిలితే పగులుతుంది. తెల్ల దొర నౌకరును కొడితే నౌకరు చస్తాడు. డాక్టరు కోసి చూసి 'బల్ల ముందే వాచి ఉంది, దెబ్బ చిన్నదే' అని రాస్తాడు. హత్య కాస్తా మామూలు దెబ్బ అయిపోతుంది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు తన గుర్రాల కాపరిని కొడితే అతను చనిపోయాడు. జరిమానా 30 రూపాయలు. 1876లో వైస్రాయి లిట్టన్ ఇది అన్యాయమని మేజిస్ట్రేటును మందలిస్తే, తెల్ల సమాజం లిట్టన్ మీదే విరుచుకుపడింది. ఇదంతా విని మామ కాసేపు ఊరకే ఉన్నాడు. తర్వాత అన్నాడు: "అంటే సచ్చినోని కడుపు కోసి, తప్పు వాని కడుపులోనే ఎతికినారన్నమాట." నలభై పేజీల అధ్యాయానికి ఇంతకంటే మంచి సారాంశం నేను రాయలేను.

ఇక నా పేచీ.

ఈ పుస్తకం నిలబడింది అధికారుల ఫైళ్ల మీద. అందుకని చివరి అధ్యాయానికి వచ్చేసరికి కథానాయకులు వైస్రాయిలు అయిపోతారు. ముఖ్యంగా కర్జన్. 1899లో రంగూన్‌లో సోల్జర్లు ఒక బర్మా స్త్రీ మీద సామూహిక అత్యాచారం చేశారు, నిందితులు కోర్టులో బయటపడ్డారు. కర్జన్ ఊరుకోకుండా ఆ రెజిమెంటును ఏడెన్‌కు పంపించాడు. 1902లో సియాల్‌కోట్‌లో 9వ లాన్సర్లు ఒక వంటవాణ్ని కొట్టి చంపారు, దోషి ఎవడో తేలలేదు. కర్జన్ మొత్తం రెజిమెంటు సెలవులు రద్దు చేశాడు. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారులో ఆ లాన్సర్లు గుర్రాల మీద వస్తుంటే, కర్జన్ ముందే, చూడటానికొచ్చిన తెల్లవాళ్లు వాళ్లకు జేజేలు కొట్టారు. గొప్ప సన్నివేశం. కోల్‌స్కీకి కర్జన్ మీద భ్రమలేమీ లేవు, సామ్రాజ్యం పరువు కోసమే ఇదంతా అని తేల్చే చెప్తుంది. అయినా పేజీలు ఆయనకే పోయాయి. వంటవాడికీ, రంగూన్ స్త్రీకీ మిగిలింది చెరి కొన్ని వాక్యాలు.

గుత్తి నుంచి చూస్తే కథ ఇంకోలా కనబడుతుంది. కేశవపిళ్లై లాంటి ఒక తాలూకా వకీలు ఆ చట్టం ఎవరి కోసం రాసిందో తెలిసి కూడా దాన్నే పట్టుకున్నాడు. పత్రికకు రాశాడు, కేసు నడిచేలా చూశాడు, ఓడిపోయినా వదల్లేదు. చట్టం తెల్లవాడి ఆయుధం అని ఈ పుస్తకం బలంగా నిరూపిస్తుంది. దాన్నే ఎదురు తిప్పాలని చూసిన చిన్న ఊళ్ల వకీళ్లు, విలేఖరులు ఇందులో నేపథ్యంలో ఉండిపోయారు. పత్రికల మాట వస్తుంది, కానీ ఎక్కువగా ప్రభుత్వానికి తలనొప్పిగానే.

కేశవపిళ్లైని పొగిడి నేను చేతులు దులుపుకోలేను. హంపన్నకు పేరుంది, రాయి ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్లు నాకు ఈ కథ చెప్పిన ప్రతిచోటా 'ఇద్దరు ఆడవాళ్లు' మాత్రమే. మా మామ కథలో కూడా. గేటు గదిలోకి పోయినాక వాళ్లు కథలోంచి మాయమైపోతారు. ఎవరి మానం కాపాడాడో చెప్పడానికి వాళ్లు కావాలి, అంతే. చిన్నప్పుడు నేను సోల్జర్లేమైనారని అడిగాను, వాళ్లేమైనారని అడగలేదు. ఆ సిగ్గు నాదే.

మన సినిమాలూ ఈ పనిలో తక్కువేం తినలేదు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' మొదట్లోనే ఒక గోండు తల్లిని దుడ్డుతో కొట్టించే సన్నివేశం ఉంది. తూటా ఖరీదు లెక్క చెప్పి, దీని మీద తూటా దండగ అంటాడు దొర. కోల్‌స్కీ చెప్పేది అర్థం కావాలంటే ఆ లెక్క బాగా పనికొస్తుంది. కానీ ఆ తర్వాత మూడు గంటల సినిమాలో ఆ నేరానికి కేసు అనే ఆలోచనే రాదు. బాణాలూ బల్లేలూ పులులూ వచ్చి లెక్క తేల్చేస్తాయి. నేను కూడా థియేటర్లో ఈల వేశాను, దాచుకోవడమెందుకు. కానీ తెర మీద దొర చచ్చినప్పుడల్లా, జ్యూరీ ఎదుట నిలబడి ఓడిపోయిన మనుషుల కథ ఇంకొంచెం మరుగున పడుతుంది. ఓడిపోయిన కేసుకు ఇంటర్వెల్ బ్యాంగ్ ఉండదు మరి.

తెల్ల జ్యూరీ పోయింది. స్వతంత్రం వచ్చాక 1949లో జాతి వివక్ష తొలగించే చట్టంతో క్రిమినల్ విచారణలోని మిగిలిన తేడాలనూ తీసేశారు. అయితే తుపాకీ ఉన్నవాడు తన ఇంటి కోర్టులోనే విచారణ కావాలనడం పోలేదు. 2012లో కేరళ తీరంలో ఇటలీ నౌకాదళ సైనికులు ఇద్దరు జాలర్లను కాల్చి చంపారు. 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ వాళ్లకు ఇక్కడి కోర్టుల నుంచి మినహాయింపు ఉందంది. 10 కోట్ల పరిహారం జమయ్యాక 2021లో సుప్రీంకోర్టు కేసు మూసింది, 2022లో రోమ్‌లో కూడా మూసేశారు. ఇంటికి పోయినారు. మనకు కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో పరాయి దేశం పోయే మన సైనికుడు అక్కడ నేరం చేస్తే, అతన్ని విచారించే హక్కు కూడా మనకే, ఆ దేశానికి లేదు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు విచారణకు నిలబడిన వాళ్లందరినీ విడుదల చేసింది. దర్యాప్తు చేసినవాళ్ల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. 16 ఏళ్లు. వాళ్లు మాయమైపోలేదు, అదొక్కటే తేడా. కొండ దిగి, బస్సులెక్కి, మళ్లీ మళ్లీ అదే చెప్పారు. ఇక్కడ జ్యూరీ లేదు, పరాయి జాతి లేదు, భాషకు మాత్రం అంతే దూరం. కోల్‌స్కీ పుస్తకం జాతి అనే ఒక్క తాళంచెవితో ఎన్నో తలుపులు తీస్తుంది, వాకపల్లి తలుపు దానితో సగమే తెరుచుకుంటుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఆ పుస్తకం మనం రాయాల్సింది.

పోయిన నెల మళ్లీ మామతో గుంతకల్లు పోయాను. మద్దికెర దాటింది. ఈసారి నేనే అడిగాను, ఆ ఆడోళ్లు ఎవరు మామా అని.

మామ టీ కప్పు కిటికీలో పెట్టి ఆలోచించినాడు. "కూలికి పోయేటోళ్లే అయ్యుంటారు పాపా. ఆ పొద్దు పట్టాల ఎంబడి ఇంగెవరు నడుస్తారు?" అని, కాసేపటికి మళ్లీ, "మరుసటి రోజు గూడా ఆ దోవనే పోయింటారు. కూలి యాడ మానేకయితాది?" అన్నాడు.