వెలుగు వేరు, ఎత్తు వేరు

వరల్డ్‌పెయింటర్ అను కంప్యూటర్ సాధనము నలుపు తెలుపుల చిత్రమును మైన్‌క్రాఫ్ట్ ఆటలో తిరుగాడదగిన భూభాగముగా మార్చును. నల్లని చుక్క పల్లము, తెల్లని చుక్క మిట్ట. 8 బిట్ల చిత్రమున మొత్తము 256 ఛాయలు. పద్ధతి సులభము, ఫలితము ముచ్చటైనది.

అయితే నిజామాబాదు జిల్లాలోని ఏర్గట్లను ఆకాశమునుండి తీసిన ఫోటోను నలుపు తెలుపులలోనికి మార్చి దీనికిచ్చినచో ఏమగును? పసుపు ఆరబోసిన కళ్లము గుట్టయగును. చెట్టు నీడ గొయ్యి యగును. సాధనమునకు వెలుగే తెలియును గాని ఎత్తు తెలియదు.

దీనికీయవలసినది ఎత్తుల పటము. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో సేకరించిన కొలతలు అట్టి పటమునకు ఆధారములు. ఈ భేదమును తరగతిలో ముందే చెప్పవలయును. ఆటలోని గుట్ట తమ ఊరి కళ్లమేనని పసిగట్టిన విద్యార్థియే పటము చదువ నేర్చినవాడు.