చిన్న, మధ్యతరహా సంస్థలలో వ్యూహాల అమలు: ‘ఎగ్జిక్యూషన్’ గ్రంథ పరిశీలన

లారీ బాసిడీ, నిర్వహణ సలహాదారు రామ్ చరణ్ రచించిన ‘ఎగ్జిక్యూషన్’ 2002లో వెలువడింది. వ్యూహాన్ని అమలుపరచే బాధ్యతను కిందివారికి అప్పగించి ఊరకుండడం నాయకునికి తగదని ఈ గ్రంథం ప్రతిపాదిస్తుంది. వ్యక్తులు, వ్యూహం, కార్యాచరణ అనే మూడు ప్రక్రియలను అనుసంధానించడమే అమలు అన్నది దీని సారాంశం.

ప్రతిపాదన సమంజసమైనదే. అయితే దాని ఆధారం భారీ సంస్థల అనుభవం. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసి, అలైడ్ సిగ్నల్‌కు నేతృత్వం వహించిన బాసిడీకి, పనికి దూరమైన అధిపతే ప్రధాన సమస్యగా కనిపించడం సహజం. చిన్న పరిశ్రమలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఆర్డరు తెచ్చేదీ, యంత్రం దగ్గర నిలిచేదీ, బ్యాంకుకు వెళ్లేదీ యజమానే. అక్కడ శ్రద్ధకు లోటు లేదు. తీరికకూ, చేతి నగదుకూ లోటు.

భారతదేశంలో సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు గరిష్ఠంగా 45 రోజులలోపు చెల్లింపు జరగాలని 2006 నాటి చట్టం నిర్దేశించింది. మధ్యతరహా సరఫరాదారులకు ఆ రక్షణ వర్తించదు. పెద్ద కొనుగోలుదారు బకాయి ఆపితే, కొత్త యంత్రానికి దాచిన సొమ్ము జీతాలకు ఖర్చవుతుంది. వ్యూహం వాయిదా పడుతుంది. దీనిని నాయకత్వ లోపంగా పరిగణించడం న్యాయం కాదు.

నగదు ప్రాధాన్యం చరణ్‌కు తెలియనిది కాదు. కుటుంబ పాదరక్షల దుకాణంలో వ్యాపార ఓనమాలు దిద్దుకున్న ఆయన, 2001 నాటి ‘వాట్ ది సీఈఓ వాంట్స్ యు టు నో’లో వీధి వర్తకుని లెక్కలోనే వ్యాపార మూలసూత్రాలను చూపారు. చిన్న సంస్థల నిర్వాహకులు ఈ రెండు గ్రంథాలనూ కలిపి చదవడం ప్రయోజనకరం. వసూళ్ల పట్టిక జతచేయని వ్యూహపత్రం వారికి అసంపూర్ణమే.