కప్పిన అజినం కింద: రావివలస ఎండల మల్లన్న స్థలకథలో నిరీక్షణ

తెలుగు భక్తిసాహిత్యంలో నిరీక్షణను గురించి మాట్లాడేవారు సాధారణంగా శబరిని, పోతన గజేంద్రుణ్ణి, భద్రాచల రామదాసును స్మరిస్తారు. ముగ్గురి కథల్లోనూ కాలం దీర్ఘమైనదే. అయినా ఎదురుచూసినవారే చివరికి ఫలాన్ని అందుకుంటారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి చేరువలోని రావివలస ఎండల మల్లికార్జునస్వామి స్థలకథ మాత్రం ఈ చట్రంలో ఇమడదు. ఇందులో అనుగ్రహం సిద్ధించేనాటికి ఎదురుచూసినవాడు జీవించి ఉండడు. స్థలపురాణాలను చారిత్రకాధారాలుగానో, క్షేత్రమాహాత్మ్య ప్రచారంగానో మాత్రమే చదివే అలవాటు వల్ల ఈ భేదం విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు.

జనవ్యవహారంలోని కథ ఇది. రావణవధానంతరం తిరుగుప్రయాణంలో రాముడు పరివారంతో ఈ ప్రాంతంలో విడిది చేస్తాడు. ఇక్కడి ప్రజలు రోగపీడితులై ఉండడం చూసి వైద్యుడైన సుషేణుడు ఆగిపోతాడు. వారికి చికిత్స చేస్తూ, శివానుగ్రహం కోరి తపస్సు సాగిస్తాడు. కొంతకాలానికి అతని క్షేమం తెలుసుకొమ్మని రాముడు హనుమంతుణ్ణి పంపుతాడు. హనుమంతుడు వచ్చేసరికి సుషేణుని నిర్జీవదేహం మాత్రమే ఉంటుంది. దానిపై జింకచర్మం కప్పి, మల్లెపూలు ఉంచి, వార్త చెప్పడానికి వెళ్తాడు. సీతారామలక్ష్మణులు వచ్చి అజినం తొలగించగా కింద శివలింగం కనిపిస్తుంది. మల్లిక, అజినం అనే రెండు మాటల కలయికే మల్లికార్జున నామమైందని స్థలకథ చెబుతుంది.

శబ్దవ్యుత్పత్తిగా ఇది నిలవదు. శ్రీశైలంతో సహా అనేక క్షేత్రాలలో ఉన్న పేరుకు ఒక ఊరి కథ మూలం కాజాలదు. అయితే కథనశిల్పం దృష్ట్యా ఈ జానపద నిరుక్తికి విలువ ఉంది. అది పాఠకుని దృష్టిని లింగం మీద కాక కప్పిన చర్మం మీద నిలుపుతుంది. హనుమంతుడు కప్పడానికీ రాముడు తొలగించడానికీ నడుమ ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. దేవుడు ప్రత్యక్షమైన ఘట్టం లేదు, వరప్రదాన సంభాషణ లేదు, ఆకాశవాణి కూడా లేదు. కథలోని అతిముఖ్యమైన సంఘటన చూపుకు అందని విరామంలో జరిగిపోయింది. మాహాత్మ్యకథలు సాధారణంగా అద్భుతాన్ని విప్పి చూపిస్తాయి, ఇది దాన్ని కప్పిపెడుతుంది. విశ్వాసమంటే ఏమిటో నిర్వచించకుండానే, ఫలచిహ్నమేదీ కనిపించని ఆ విరామాన్ని కథ మధ్యలో నిలిపింది.

గజేంద్రమోక్షంతో పోల్చితే ఈ విశిష్టత మరింత స్పష్టపడుతుంది. పోతన గజేంద్రుడు దీర్ఘపోరాటంలో బలమంతా ఉడిగిన పిమ్మట భగవంతుని ఉనికినే శంకించి, ఆ శంకలోనుంచే శరణాగతికి చేరతాడు. రామదాసు కీర్తనల్లో ఎదురుచూపు నిష్ఠూరంగా మారుతుంది. తెలుగు భక్తుని ఓర్పు మౌనవ్రతం కాదనడానికి ఈ రెండూ బలమైన సాక్ష్యాలు. సుషేణుడు శంకించడు, నిందించడు. కథ అతనికి ఒక్క మొర కూడా ఇవ్వలేదు, పని ఇచ్చింది. రాముని కోసం అడవిపంట కూర్చి ఉంచిన వాల్మీకి శబరి ఈ విషయంలో అతనికి దగ్గరిది. అయితే శబరి శ్రమ రాబోయే అతిథి కోసం, సుషేణుని శ్రమ రోగుల కోసం. కోరిన అనుగ్రహానికీ చేస్తున్న పనికీ నేరుగా లంకె లేకపోవడంలోనే ఈ కథ నైతికబలం ఉంది. చికిత్స ఇక్కడ వరానికి చెల్లించే మూల్యం కాదు.

ఈ దృష్టితో చూస్తే రెండో సంప్రదాయానికీ అర్థం మారుతుంది. లింగం పెరుగుతూ పోవడంతో రాముడు గుడికట్టే ప్రయత్నం విరమించాడని, తర్వాతి కాలంలో కప్పు వేయబూనినా నిలవలేదని చెబుతారు. స్వామి నేటికీ ఆరుబయట ఎండలోనే ఉన్నాడు. టెక్కలి నుంచి తీరం వైపు వెళ్తే నౌపడ ఉప్పుమళ్లు, వాటి ఆవల సంతబొమ్మాళి మండలం మూలపేట వస్తాయి. ఎండ కోసం కనిపెట్టుకొని, అకాలవర్షానికి బెదిరే ఉప్పు కొఠార్ల సీమకు నీడ లేని దేవుడు పరాయివాడుగా తోచడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ అనివార్యం. ఉద్దానం ప్రాంతం దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో కుంగుతోంది. దాని మూలకారణం నేటికీ నిర్ద్వంద్వంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న గానీ ప్రారంభం కాలేదు. మూలపేట పోర్టుకు అదే ఏడాది ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి నేలమీద ఓర్పును కీర్తించే కథ, పాలకుల జాప్యానికి దైవసమ్మతిని కూర్చదా? కథను తపస్సు వరకే కుదించి చెబితే తప్పక కూరుస్తుంది. కానీ పూర్తి కథలో ఓపిక పట్టమని రోగులకు ఎవరూ బోధించలేదు. ఎదురుచూపు వైద్యుని వంతు, రోగులకు అందింది మందు. దేవుని కోసం వేచి ఉండడాన్నీ మనిషిని వేచి ఉంచడాన్నీ స్థలకథ ఒకే గాటన కట్టలేదు.

కాబట్టి పాఠభేదాల సేకరణలో పరిశోధకులు మొదట చూడవలసింది లింగం కొలతలనో జమీందారీ కాలపు నిర్మాణవివరాలనో కాదు, సుషేణుని రోగులు ఏయే కథనాల్లో మిగిలారు, ఎక్కడ జారిపోయారు అన్నది. పోర్టు నిర్మాణంతో తీరగ్రామాల జనం చోటు మారుతున్నారు. మూలపేట పరిసరాల మత్స్యకారుల, ఉప్పు కూలీల నోట ఈ కథ ఏ రూపంలో ఉందో వారు పాత ఇరుగుపొరుగుతో కలిసి ఉన్నప్పుడే నమోదు చేయవలసి ఉంది.