నవ్వుకి గుర్తు దేనికి?

హాస్యం రచయిత ప్రతిభలోంచే పుడుతుందని కొందరు విమర్శకులంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. మిగతా సగం నవ్వే బృందంలో ఉంటుంది.

1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రజ్ఞులు తమ కంప్యూటర్ నోటీసు బోర్డు మీద ఒక చిక్కుప్రశ్న చర్చించుకున్నారు: తాడు తెగి పడిపోతున్న లిఫ్టులో పాదరసం బొట్టు ఏమవుతుంది? ఒకాయన వేళాకోళానికి, ప్రయోగం వల్ల ఫలానా లిఫ్టు పాదరసంతో కలుషితమైందని హెచ్చరిక రాశాడు. చర్చ ఎరిగినవాళ్లకది నవ్వులాట. ఎరగనివాళ్లు కొందరు నిజమనుకున్నారు. హాస్యానికేదైనా గుర్తుండాలన్న మాట వచ్చింది. 19వ తేదీన స్కాట్ ఫాల్‌మన్ కోలన్, చిన్నగీత, బ్రాకెట్ కలిపి పక్కకి వాలిన నవ్వుముఖాన్ని సూచించాడు.

వాక్యం ఒక్కటే, నవ్వూ భయమూ రెండూ దానివల్లనే. తేడా తెచ్చింది వెనకటి సంభాషణ. వృత్తి బృందాల హాస్యం ఇలాంటి ఉమ్మడి జ్ఞాపకం మీదే బతుకుతుంది. లోపలివాళ్లని దగ్గర చేస్తుంది, కొత్తవాణ్ణి గుమ్మం బయట నిలబెడుతుంది. వాడికి రసజ్ఞత లేదనడం తేలిక. ఆ గుర్తు మాత్రం బాధ్యతని చెప్పేవాడి మీద పెట్టింది.

గుర్తు పెడితే హాస్యం పలచబడుతుందనవచ్చు, నిజమే. కాని రచయితలమూ ఒక వృత్తి బృందమే. మన గోష్ఠుల్లో చెణుకు పేలినప్పుడు ఎవరు నవ్వారన్నది కాదు, ఎవరు నవ్వలేకపోయారన్నది మనం చూడాలి.