అతామీలో నిద్రలేని రాత్రి: ఓజూ ‘టోక్యో స్టోరీ’పై ఒక పరిశీలన

యాసుజిరో ఓజూ సినిమాల మీద ఒక ఆక్షేపణ ఉంది. ఆయన మధ్యతరగతి ఇంటి గడప దాటడు, సంఘర్షణలు ఆయనకు పట్టవు, ముసలితనం మీదా మరణం మీదా ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటాడు అని. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన షొహెయ్ ఇమామురా కూడా తరువాత పూర్తిగా వేరే దారి తొక్కాడు. ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే 1953లో వచ్చిన ‘టోక్యో స్టోరీ’లోని అతామీ ఘట్టాన్ని శ్రద్ధగా చూస్తే, అది సగం నిజమేనని తేలుతుందని నా అభిప్రాయం.

ఓనోమిచి అనే రేవుపట్నం నుంచి షూకిచీ, తోమీ అనే వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లల్ని చూడటానికి వస్తారు. పెద్దకొడుకు కోయిచీ నగర శివారులో చిన్న డాక్టరు. కూతురు షిగే ఇంట్లోనే ఆడవాళ్ళ జుట్టు సింగారించే దుకాణం నడుపుతుంది. ఇద్దరికీ తీరిక లేదు. అందుకని చెరికొంత డబ్బు వేసుకుని అమ్మానాన్నల్ని సముద్రతీరాన ఉన్న అతామీకి, ఒక వేడినీటి బుగ్గల విడిదికి పంపుతారు. ఇక్కడ ఉంచుకుని తిప్పినా ఖర్చే కదా అన్నది వాళ్ళ లెక్క.

విడిది చూడటానికి వైభవంగానే ఉంటుంది. స్నానాలు ముగించి, పలుచని నూలు అంగీలు తొడుక్కుని, ఎదురుగా నిశ్చలంగా ఉన్న సముద్రాన్ని చూస్తూ కూర్చుంటారు దంపతులు. పిల్లలచేత ఎంత ఖర్చు పెట్టించామో అని నొచ్చుకుంటారు. తాము కోరని కానుకకు తామే రుణపడ్డట్టు! రాత్రయ్యేసరికి అదే విడిదిలో మాజాంగ్ ఆటగాళ్ళ కేకలు, బయట పాటగాళ్ళ అకార్డియన్. గది బయట రెండు జతల చెప్పులు పొందికగా ఉంటాయి. లోపల ఇద్దరికీ నిద్ర లేదు. ఎవరినీ పిలిచి ఒక్క మాట అనరు. తెల్లవారి సముద్రపు గట్టు మీద కూర్చుని, ఇది కుర్రవాళ్ళు ఉండే చోటు, ఇంటికి పోదాం అనుకుంటారు. లేవబోయిన తోమీకి కళ్ళు తిరుగుతాయి.

ఈ ఘట్టంలో దుర్మార్గుడు లేడు. ఆదివారంనాడు తల్లిదండ్రులకు ఊరు చూపించబోతున్న కోయిచీ, జబ్బుపడ్డ పిల్లవాడి కోసం కబురు వస్తే ఆగిపోతాడు. షిగే దుకాణం మూస్తే ఆ రోజు సంపాదన లేదు. కాలం ఇవ్వలేనివాళ్ళు కాలానికి బదులు డబ్బిచ్చారు. కుటుంబ సంబంధాలు డబ్బు సంబంధాలుగా మారిపోవడం గురించి కమ్యూనిస్టు ప్రణాళిక 1848లోనే చెప్పింది. ఓజూ ఆ దృష్టితో సినిమా తీశాడని నేననను. కాని అక్కడ సూత్రంగా ఉన్న విషయం ఇక్కడ ఒక నిద్రలేని రాత్రిగా మన అనుభవంలోకి వస్తుంది.

విడిది కూడా తన వ్యాపారం తాను చేసుకుంది. అది అమ్మేది గంపగుత్త సరదా. 1934లో తన్నా సొరంగం తెరిచాక తొకైదో ప్రధాన రైలుమార్గం అతామీ మీదుగా సాగింది. ఆ సొరంగం తవ్వకంలో 67 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఈ చరిత్ర సినిమాలో లేదు. కాని గదులు ఊడుస్తూ, రాత్రి దిగిన కొత్త దంపతుల గురించి చెప్పుకునే పనిమనుషులు ఉన్నారు. ఒకరు విశ్రాంతి కొనుక్కున్నచోట మరొకరు పని చేస్తున్నారన్న సంగతి ఓజూ దాచలేదు.

అతామీకి ఎదురు నిలిచేది నోరికో గది. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య ఆమె, ఒక కంపెనీలో చిరుద్యోగి. సెలవు పెట్టి అత్తమామలకు నగరం చూపించింది. పక్కింట్లో సాకే అరువు తెచ్చి మామగారికి పోసింది. అతామీ నుంచి ముందుగానే తిరిగొచ్చిన వాళ్ళకు ఆ రాత్రి కూతురింట్లో చోటు లేదు, అక్కడ వృత్తిదారుల సమావేశం. తోమీ నోరికో గదికి వెళ్ళి, చనిపోయిన కొడుకు పరుపు మీద పడుకుంటుంది.

నేను ఓజూతో విభేదించేది ఇక్కడే. నోరికో కూడా పనిచేసి బతికే మనిషే. ఆమె ఇవ్వగలిగింది సొంత పిల్లలు ఎందుకివ్వలేకపోయారు? ఓజూ దీన్ని ఆమె మంచితనానికి వదిలేస్తాడు. పిల్లలు తల్లిదండ్రులకు దూరం కావడం తప్పనిసరి అని చివరకు ఆమె నోటనే చెప్పిస్తాడు. యుద్ధమూ, ఓటమీ, 1952 దాకా సాగిన విదేశీ సైనిక ఆక్రమణా, నగరానికి వలసా తెచ్చిన మార్పు ప్రకృతి ధర్మమైపోతుంది. ఇది చిన్న పరిమితి కాదు. అయినా దీన్ని చూపి సినిమానంతా తోసెయ్యడం విమర్శ కాదు.

ముసలి తల్లిదండ్రుల ఇతివృత్తం మన కథలకూ కొత్త కాదు. అయితే కోడల్ని గయ్యాళిగా, కొడుకుని చేతగానివాడిగా చిత్రించి ముగించిన కథలో పాఠకుడు ఆ కోడల్ని తిట్టుకుని పత్రిక మూసేస్తాడు. వ్యవస్థ తప్పించుకుంటుంది. ఆ ఇంట్లో ఎవరి సమయం ఎవరికి అమ్ముడుపోయిందో, కొడుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నాడో, అద్దె ఎంతో, అమ్మకు మంచం వెయ్యడానికి చోటుందో లేదో కూడా కథావస్తువే. ఓజూ ఆ లెక్కను పాత్రల మామూలు మాటల్లోనే చూపించాడు. దాని కారణాల దాకా వెళ్ళడం ఆయన చెయ్యని పని. అది మన రచయితలు చెయ్యవలసిన పని.