కాపరి క్షమించినది ఎవరిని? హాలింగ్‌వర్త్ రాజీనామాపై ఒక విమర్శ

2003 మే 25న ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ పీటర్ హాలింగ్‌వర్త్ తన రాజీనామాను ప్రకటించారు. ఎలిజబెత్ రాణి ప్రతినిధిగా, మన రాష్ట్ర గవర్నరువలె మంత్రుల సలహా మేరకు నడుచుకొను గౌరవ పదవి అది. ఆ పదవిలో కూర్చున్న మొదటి మతగురువు ఆయనే. అంతకు ముందు 1989 నుండి 2001 వరకు బ్రిస్బేన్ ఆంగ్లికన్ ఆర్చిబిషప్‌గా ఉన్నారు. బీదల పక్షముగా చేసిన సేవకు 1991లో 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' గౌరవము పొందినవారు. ఈ సంగతిని సాధారణముగా రాజకీయ చరిత్రలో భాగముగా చదువుతారు. దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికన్ సహవాసములో సభ్యసంఘము గనుక, మేము దీనిని కాపరి పరిచర్యకు సంబంధించిన ప్రశ్నగా పరిశీలింప దలచితిమి.

ముందుగా ఒక విషయము ప్రక్కన పెట్టవలెను. రాజీనామాకు కొద్ది దినముల ముందు, 1960ల నాటి ఒక అత్యాచార ఆరోపణ ఆయన మీద వచ్చింది. దానిని ఆయన పూర్తిగా ఖండించారు. ఆ దావా కొద్ది రోజులలోనే ముగిసిపోయింది. మా విమర్శకు దానితో పని లేదు. ఆయన స్వయముగా ఏ బిడ్డనైనా బాధించెనా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బాధించినవానిని ఎరిగియుండి బిషప్‌గా ఏమి చేశారన్నదే ప్రశ్న.

1993లో ఒక వ్యక్తి బాల్యములో తాను అనుభవించిన లైంగిక హింసను ఆర్చిబిషప్‌కు తెలియజేశాడు. నిందితుడు డయాసిస్‌లో పనిచేయుచున్న గురువు. ఆ గురువు తప్పు ఒప్పుకొన్నాడు. అయినను రిటైరగు వరకు తన సంఘములో కొనసాగుటకు హాలింగ్‌వర్త్ అనుమతించారు. డయాసిస్ నియమించిన విచారణ మండలి నివేదిక 2003 మే 1న క్వీన్స్‌లాండ్ శాసనసభ ముందుకు వచ్చినప్పుడు ఈ నిర్ణయమునే అది తీవ్రముగా తప్పు పట్టింది. ఇక టూవూంబాలోని ఆంగ్లికన్ పాఠశాల హాస్టలులో 1990లో బాలికలకు జరిగిన హింస విషయములో, 2001 డిసెంబరులో జ్యూరీ ఒక బాధితురాలికి ఎనిమిది లక్షల డాలర్లకు పైగా పరిహారము నిర్ణయించింది. అప్పుడు తాను న్యాయవాదుల, బీమా కంపెనీ సలహా ప్రకారము నడుచుకొన్నానని ఆయన చెప్పుకొన్నారు. తప్పిపోయిన గొఱ్ఱె యొద్దకు వెళ్ళవచ్చునా అని బీమా కంపెనీని అడిగిన కాపరి లేఖనములలో మాకు కనబడలేదు.

1993 నిర్ణయమునకు వెనుక దుర్మార్గము ఉన్నదని మేము అనము. దాని వెనుక మనము కూడ బోధించుచున్న ఒక వేదాంతమున్నది: పశ్చాత్తాపపడినవానిని చేర్చుకొనవలెను. కాని ఇక్కడ క్షమించినది ఎవరు? గాయపడినవాడు కాదు, బిషప్. ఒకరి గాయమును మరొకరు మాఫీ చేయుట సువార్త క్షమాపణ కాజాలదు. లూకా 17వ అధ్యాయములో క్షమాపణను గూర్చిన మాటకు ముందు తిరుగటిరాయిని గూర్చిన మాట ఉన్నది. ప్రభువు చిన్నవారి సంగతి మొదట చెప్పి, ఆ తరువాతనే ఏడు మారులు క్షమించుటను గూర్చి చెప్పెను. మన ప్రసంగాలలో రెండవది వినబడినంతగా మొదటిది వినబడదు.

మరొక వచనము కూడ ఇట్లే వాడబడుచున్నది. పెద్ద మీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనన్న 1 తిమోతి 5:19ని కమిటీలలో ఎన్నిసార్లు విన్నామో! మూసిన గదిలో జరిగిన దానికి ఇద్దరు సాక్షులను ఎవరు తెచ్చెదరు? ద్వితీయోపదేశకాండము 22:25-27లో, పొలములో ఒంటరిగా చిక్కిన కన్యక కేక వేసినను రక్షించువాడు లేడని ధర్మశాస్త్రము తానే ఒప్పుకొని, సాక్షి లేకున్నను ఆమె పక్షమున నిలిచినది. తిమోతి వచనమును ఉదహరించువారు దీనిని కూడ చదువవలెను. ఆ వెంటనే ఉన్న 20వ వచనమును సరే సరి.

ఇక రాజీనామా. వివాదము వలన ఉన్నత పదవి గౌరవమునకు భంగము కలుగకూడదని ఆయన తప్పుకొన్నారు. అనగా కాపాడబడినది పదవి. తప్పు జరిగినది గవర్నర్ జనరల్ భవనములో కాదు, బిషప్ కార్యాలయములో. దానికి సంఘము జవాబు అడుగుటకు మరి 20 ఏండ్లు పట్టింది. 2023లో మెల్బోర్న్ ఆంగ్లికన్ క్రమశిక్షణా మండలి ఆయన నడవడి తప్పని తేల్చి, అయినను షరతులతో గురువుగా కొనసాగనిచ్చింది. బాధితులు అభ్యంతరపడగా, ఆ మేలో ఆయనే ఆరాధన నడిపించు అనుమతిని తిరిగి ఇచ్చివేశారు. రాజ్యము రెండు సంవత్సరములలో అడిగిన ప్రశ్నను సంఘము తన నోట అడుగలేకపోవుట మాకు మిక్కిలి కష్టముగా తోచుచున్నది.

ఇది ఒక్క దేశపు ముచ్చట కాదు. 2024 ఫిబ్రవరి 10న హంగరీ అధ్యక్షురాలు కాతలిన్ నోవాక్ రాజీనామా చేశారు. ఆమెదీ గౌరవ పదవియే. బాలల గృహములో జరిగిన లైంగిక హింసను కప్పిపుచ్చుటకు తోడ్పడి శిక్షపడిన అధికారికి ఆమె 2023లో క్షమాభిక్ష ఇచ్చారు. దానికి మద్దతు పలికినవారు రిఫార్మ్‌డ్ సంఘ బిషప్ జోల్తాన్ బాలోగ్. ఆయన సినడ్ అధ్యక్ష పదవిని విడిచారు గాని, బిషప్‌గా ఉండిపోయారు. ఇక్కడ కూడ క్షమ దొరికినది కప్పిపుచ్చినవానికే.

మా ముత్యంపేట, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందు ఉన్న ఇండ్లు అనేకము. అట్టి ఇండ్ల పిల్లలు హాస్టళ్ళలో పెరుగుదురు. హాస్టలులో ఏదైన జరిగినప్పుడు, 'సంఘము పరువు పోతుంది, మనలో మనమే చూచుకొందాము' అను మాట, తరువాత బదిలీ, మనకు క్రొత్త కాదు. బదిలీని శిక్షగా భావించుచున్నాము గాని, ఆ మనిషి చేరబోవు ఊరిలోను పిల్లలుందురు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట విధి. క్రింది ఉద్యోగి నేరమును దాచిన సంస్థాధిపతికి 21వ సెక్షను ఏడాది వరకు జైలు, జరిమానా విధించుచున్నది. సంఘము నడుపు హాస్టళ్ళకు మేనేజర్లుగా సంతకము చేయుచున్నది మన పాస్టర్లే.